ఒక్కపొద్దు పిల్లి

మా ఇంట్లో ఏకాదశి నాడు మనుషులకు వంట ఉండదు. అత్తమ్మకూ పిల్లికీ మాత్రం పొద్దున్నే ఏదో ఒకటి కడుపులో పడాలి. ఇద్దరికీ షుగర్. ఇద్దరికీ పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. ఫ్రిజ్ తలుపులో పై అర అత్తమ్మ మందుది, కింది అర పిల్లి మందుది. రెండూ కలిసిపోతాయేమోనన్న భయంతో పిల్లి సీసాకు ఎర్ర దారం చుట్టి పెట్టాను.

"ఈ ఇంట్ల ఆడోళ్లల్ల నీకొక్కదానికే సూది లేదు. నీకు గూడ ఒకటి రాయించుకుందామా పిల్లా?" అని అత్తమ్మ నన్ను ఆటపట్టించేది.

మాది చౌటుప్పల్. హైవే మీద లారీల మోత వినిపించేంత దగ్గరలో, నేతవాళ్ల ఇళ్ల వరుసలో చివరి ఇల్లు. ముందు గదిలో ఒకప్పుడు అత్తమ్మ మగ్గం ఉండేది. ఆమె చూపు తగ్గి, మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాక మగ్గం తీసేశాం. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటను మాత్రం పూడ్చలేదు. సగం వరకు చెక్కలు పరిచి వదిలేశాం. ఈ పిల్లి ఆ గుంటలోనే పుట్టింది. తల్లి మిగతా కూనలను నోట కరుచుకుపోయి, దీన్ని ఎందుకో మరిచిపోయింది. ముసలిదయ్యాక కూడా, భయమేసినా ఒంట్లో బాగాలేకపోయినా అది ఆ గుంటలోకే దిగేది.

ప్రతి ఏకాదశికి మధ్యాహ్నం దాటాక మా భజన బృందం ఆ గదిలోనే కూర్చుంటుంది. నేను పురాణం వింటూ పెరిగిన మనిషిని. తిరుమలగిరిలో మా నాయిన పారాయణం చేస్తుంటే పక్కన కూర్చుని పుటలు తిప్పేదాన్ని. పెళ్లయి వచ్చాక ఇక్కడి బృందంలో చేరాను. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ దీక్ష తీసుకున్నాం. అప్పటి నుంచి మా పొయ్యి మీద నీచు వండలేదు. పిల్లి కూడా పాలు, పెరుగన్నం తినే పెరిగింది.

అదే దానికి చేటయిందో, వయసే కారణమో తెలియదు. ఉన్నట్టుండి గోలెంలో నీళ్లు ఆగకుండా తాగడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా చిక్కిపోయింది. హైదరాబాద్ వెళ్లే దారిలో ఉన్న పెంపుడు జంతువుల దవాఖానకు తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ రక్తం చూసి షుగర్ అని చెప్పింది. అన్నం, పాలు బంద్ చేసి, మాంసం ఉన్న తిండే పెట్టమంది. మూసిన పొట్లాల్లో వచ్చే చేప తిండి కొనుక్కొచ్చి, ఇంటి వెనక బట్టలుతికే బండ మీద విప్పి పెట్టడం అలవాటు చేసుకున్నాను. మన పొయ్యి ఎక్కలేదు కదా స్వామీ అని రోజూ చెప్పుకునేదాన్ని.

సూది వేయడం నేర్పిన రోజే డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. "తినకుంటే మీ అంతట మీరు సూది వెయ్యకుండ్రి, నాకు ఫోన్ చెయ్యిండ్రి. తింటలేదు కదా అని సూది ఊకె మానేసి కూసునుడు గూడ మంచిది కాదమ్మా. రెండు దిక్కుల ప్రమాదమే."

అందులో ఒక దిక్కు నాకు బాగా తెలుసు. ఒక తొలి ఏకాదశి నాడు అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా సూది వేసుకుని ఒక్కపొద్దు పట్టింది. గుంట పక్కనే చెమటలు కారుతూ పడిపోయింది. నోట్లో చక్కెర పోసి లేపాను. ఆ తర్వాత తినని ప్రాణికి సూది అంటేనే వణుకు పుట్టేది. రెండో దిక్కు ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

మా బృందానికి పెద్ద ఒక ముసలామె. అందరం ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తాం. కీర్తన ఎత్తుకునేది ఆమే, తప్పు పాడితే చిడతతో మోకాలి మీద కొట్టేదీ ఆమే. ఒక ఏకాదశి నాడు పిల్లి పళ్లెంలో సగం వదిలేసి వచ్చి, భజన మధ్యలో కూర్చుంది. కళ్లు సగం మూసుకుని పెదవులు కదుపుతోంది. పెద్దమ్మ పాట ఆపేసింది.

"సూసిన్రా దాని పెదవులు? నామం చెప్తాంది."

అందరం చూశాం. నిజంగానే కదులుతున్నాయి.

"పొద్దుగాల తిండి గూడ వదిలేసింది పెద్దమ్మా," అన్నాను.

"ఒక్కపొద్దు ఉంటాంది మరి! పోయిన జన్మల ఏ దాసురాలో. లేకుంటె మూగజీవికి ఏకాదశి ఎట్ల తెలుస్తది?"

"మా ఇంట్ల మనిషికి మూడు దినాల ముందు నుంచి చెప్పినా తెలుస్తలేదు. సరిగ్గ ఏకాదశి నాడే బిర్యాని పొట్లం పట్టుకొస్తడు," అని ఒకావిడ అంది. అందరూ పకపకా నవ్వారు.

పెద్దమ్మ వంగి పిల్లి నెత్తిన తులసి దళం పెట్టి, దాని కాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకుంది. ఆనాటి నుంచి మా వాడకట్టులో అది భక్తురాలు. నాకు కూడా సంతోషమనిపించింది. మా ఇంట్లో పుట్టిన ప్రాణి మా దారిలోనే నడుస్తోందని లోలోపల మురిసిపోయాను. చేప తిండే అయినా, నామం వినబడాలని దాని పళ్లెం ఇంటి వెనక బండ మీది నుంచి దేవుడి గూటి దగ్గరికి మార్చాను.

ఆ తర్వాతి రోజుల్లో అది కొంచెం కొంచెంగా తిండి వదిలేస్తూ వచ్చింది. పళ్లెం దాకా ఆత్రంగా వచ్చేది. వాసన చూసేది. గుటకలు మింగి, పెదవులు నాక్కుని, తల పక్కకు తిప్పేసేది. ఎండలకేమో అనుకున్నాను. సూదికి సరిపడా తింటోంది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

మళ్లీ ఏకాదశి వచ్చింది. ఆ పొద్దున పళ్లెం వైపే రాలేదు. నేను సూదిలోకి మందు ఎక్కించి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అది గుంట అంచున ముడుచుకుని నన్ను చూస్తోంది. నా కళ్ల ముందు అత్తమ్మ చెమటలు పట్టిన ముఖం మెదిలింది. వేయలేకపోయాను.

మా ఆయన డ్యూటీకి బయలుదేరుతూ, "ఏకాదశి కదనే. రేపు ద్వాదశి పారణ చేస్తది తియ్," అన్నాడు.

ఆ మాట వినగానే భయం దిగిపోయింది. అవును కదా, ఒక్కపొద్దు కదా అనుకున్నాను. సూదిలో మందు పారబోశాను. డాక్టరమ్మకు ఫోన్ చేయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఉపవాసం ఉన్నవాళ్ల గురించి ఎవరైనా దవాఖానకు ఫోన్ చేస్తారా?

మధ్యాహ్నం భజనకు అందరూ వచ్చారు. దేవుడి పటం ముందు సాంబ్రాణి వేశాం, అగరుబత్తులు వెలిగించాం. పిల్లి గుంటలోంచి తల మాత్రం బయటికి పెట్టింది. పెదవులు ముందటికంటే వేగంగా కదులుతున్నాయి. గడ్డం కింద బొచ్చు తడిసి ఉంది. "భక్తురాలికి కండ్లెంబడి కాదు, నోటెంబడి భక్తి కారుతాంది," అని ఎవరో అంటే పెద్దమ్మ వెళ్లి మళ్లీ దాని కాళ్లు ముట్టుకుని మొక్కింది.

మూలన మంచం మీద కూర్చున్న అత్తమ్మకు అంత దూరం కనబడదు. "ఏం కారుతాంది?" అని అడిగింది.

"సొంగ, అత్తమ్మా. పెదవులు నాక్కుంటాంది."

"ఊకె గుటకలు మింగుతాందా?"

"అవును."

అత్తమ్మ చేతిలోని తాళాలు పక్కన పెట్టేసింది. "నువ్వు కడుపుతోని ఉన్నప్పుడు పొద్దు పొద్దంత గట్లనే నాక్కుంట కూసున్నవు, మర్చినవా? అది నామం కాదు బిడ్డా. దానికి కడుపుల తిప్పుతాంది."

అప్పుడే పిల్లి పొట్ట ఎగిరెగిరిపడి, గుంట చెక్కల మీద పసుపు పచ్చని నీళ్లు కక్కింది. కక్కి అక్కడే పక్కకు ఒరిగింది. నేను ఫోన్ కోసం పరుగెత్తాను. తినకుండా మందు పడితే ఒరుగుతారని తెలుసు. మందు పడకుండానే ఇది ఎందుకు ఒరిగింది?

ఫోన్‌లో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "దాని నోటి దగ్గర వాసన చూడండి. ఎట్లుంది?"

వంగి చూశాను. బాగా మగ్గి చెడిపోయే అరటిపండు వాసన. ప్రసాదం పండ్ల వాసనేమో అనుకుని పళ్లెం దూరం జరిపి మళ్లీ చూశాను. దాని నోటిలోంచే వస్తోంది.

"ఆగకుండ తీసుకురండి," అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ కొడుకు ఆటో నడుపుతాడు. అతను వచ్చేసరికి పిల్లిని పాత నూలు బుట్టలో చీర పరిచి పడుకోబెట్టాను. నేను పిలవకుండానే పెద్దమ్మ వచ్చి ఆటోలో నా పక్కన కూర్చుంది. హైవే ఎక్కాక లారీల మధ్య ఆటో ఊగినప్పుడల్లా పిల్లి పొట్ట కదులుతోందా లేదా అని బుట్టలో చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. ఈ ఊపిరి తర్వాత ఇంకొకటి వస్తుందో రాదో అనిపించేది. స్వామి నామం నోటికి రావడం లేదు. చిన్నప్పటి నుంచి నాలుక మీద ఆడిన నామం ఆ రోజు పళ్ల వెనకే ఆగిపోయింది.

పెద్దమ్మ బుట్టలోకి వంగి చూసింది. "మొక్కినప్పుడు దాని కాళ్లు సల్లగున్నయి బిడ్డా. నా చేతికి తెలిసింది. మనసుకు తెలువలె."

దవాఖానలో డాక్టరమ్మ పిల్లి మెడ మీది చర్మం పట్టి లాగి వదిలింది. చర్మం వెంటనే వెనక్కి పోలేదు, గుడారంలా అట్లాగే నిలబడింది. "ఒంట్లో నీళ్లు లేవు. ఎప్పటి నుంచి తింటలేదు?"

"ఈ దినం ఏకాదశి కదమ్మా..." అని పెద్దమ్మ మొదలుపెట్టి ఆగిపోయింది.

డాక్టరమ్మ కసురుకోలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. "ఏకాదశి మీకమ్మా. దానికి క్లోమంలో వాపొచ్చినట్టుంది," అంటూ పొట్ట పైభాగం మీద వేలు పెట్టి చూపించింది. "దాంతోని వికారం. వికారంతోని తినదు. తినక, సూది పడక, ఒంట్లో కొవ్వు కరిగి విషమైతాంది. నోట్ల ఆ పండు వాసన గదే. పిల్లులు మనలెక్క ఉపాసం తట్టుకోలేవు, కాలేయం గూడ దెబ్బతింటది. ఇక్కడ ఉంచి పోండి. ఇప్పుడే ఏం చెప్పలేను."

ఇదీ నాకు తెలియని రెండో దిక్కు.

ఖాళీ బుట్టతో ఇల్లు చేరాం. మర్నాడు ద్వాదశి. పారణకు కూర్చుంటే ముద్ద గొంతు దిగలేదు. నీళ్లు తాగి మింగబోయినా తిరిగి వచ్చింది. ఎదురుగా అన్నం ఉంది, కడుపు ఖాళీగా ఉంది, ఆకలి మాత్రం లేదు. అప్పుడు మా నాయిన చెప్పే మాట గుర్తొచ్చింది. ఆకలి ఉన్నవాడు, ఎదుట అన్నం ఉన్నవాడు, స్వామి కోసం వదిలితే అది ఉపవాసం అనేవాడు. పిల్లికి ఆకలే లేదు. ఆకలి లేని ప్రాణి ఎక్కడ ఉపవాసం ఉంటుంది? దాన్ని ఆకలితో ఇంటికి పంపు స్వామీ అని మొక్కుకున్నాను. బతికించమని అడగడానికి నోరు రాలేదు. ఆకలి అడిగాను.

నరానికి నీళ్లు ఎక్కించి, వాంతి ఆపే మందు ఇచ్చి, చిన్న మోతాదులో సూది వేస్తూ డాక్టరమ్మ దాన్ని నిలబెట్టింది. ఇంటికి పంపేటప్పుడు, "ఇంక మీ పని మొదలైతది. అది తింటేనే గట్టెక్కినట్టు," అంది.

ఆ మాట అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. వికారం తగ్గించే గోలీ ముందు వేశాను. డాక్టరమ్మ చెప్పినట్టు కాసేపు ఆగి చేప పొట్లం విప్పాను. పొట్లం చప్పుడుకే పిల్లి లేచి గుంటలోకి దిగిపోయింది. వేలికి కొంచెం రాసి నోటి దగ్గర పెడితే నా చెయ్యి వదిలించుకుని మూలకు నక్కింది. సాయంత్రం సూది వేళ దగ్గరపడుతోంది. వేస్తే ఒక భయం, వేయకపోతే ఇంకో భయం. ఫోన్ చేశాను.

"నోట్ల కుక్కకుండ్రి," అంది డాక్టరమ్మ. "కడుపుల తిప్పినప్పుడు తిన్న తిండిని అవి గుర్తు పెట్టుకుంటయి. అది తింటేనే జబ్బు చేసిందనుకుంటయి. కొత్తది పెట్టండి. కోడి మాంసం ఉడకబెట్టి, ఉప్పు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏం వెయ్యకుండ, గోరువెచ్చగ, చెంచాడంత పెట్టండి. తినకుంటె కొంచెంసేపటికి తీసెయ్యండి, ముందట పెట్టి ఉంచొద్దు. దాని పళ్లెం యాడుంటది?"

"దేవుడి గూటి దగ్గర. తినేటప్పుడన్న నామం వినబడుతదని ఈ నడుమ అక్కడ పెడుతున్న."

"అగరుబత్తి, సాంబ్రాణి గిట్ల ఏమన్న..."

"వెలిగిస్త," అన్నాను. పొద్దూ మాపూ ఆ పొగ కిందే దాని ముందు పళ్లెం పెట్టాను. వికారంతో ఉన్న ప్రాణికి ఆ ఘాటు ఎట్లా ఉండి ఉంటుంది?

"పళ్లెం జర దూరం మార్చండి," అంది ఆమె మెల్లగా. "ఈ పూట సూది నేను చెప్పినంతే వెయ్యండి. సగానికన్న తక్కువ. దాని ఒళ్లు సల్లబడినా, తూలినా బెల్లం నీళ్లు చిగుళ్లకు రాసి ఫోన్ చెయ్యండి."

మా ఆయన దీక్ష తీసుకున్నాక మొదటిసారి కోడి దుకాణానికి పోయాడు. ముఖం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. "'ఏం స్వామీ, తొవ్వ తప్పినవా?' అంటుండు. పిల్లికి అంటే నమ్ముతలేడు. 'అందరు పిల్లి పేరే చెప్తరు స్వామీ' అంటుండు."

నాకు నవ్వు రాలేదు. అత్తమ్మ మాత్రం నవ్వి, ఇంటి వెనక మూడు రాళ్లు పేర్పించి, పాత గిన్నె తెప్పించింది. "నీ దేవుని పొయ్యి జోలికి పోను తియ్. అయినా ఉల్లి లేదు, ఎల్లి లేదు, కారం లేదు. మన వంటకన్న మడిగున్నది ఈ కోడి."

పుల్లలు ఎగదోస్తూ మా నాయిన చెప్పే కథ ఒకటి తలుచుకున్నాను. రోజుల తరబడి తిండి లేక ఉన్న ఒక రాజు, చివరికి దొరికిన అన్నాన్ని కుక్కలతో వచ్చిన మనిషికీ, ఆ కుక్కలకూ పెట్టి మొక్కుతాడు. కుక్కకు ఏ అన్నం పెట్టాడో, అది మడిదో కాదో ఆ కథలో ఎవరూ అడగరు. నా దీక్ష భంగమైందో లేదో ఆ పొగలో నేనూ అడగలేదు. అది తినాలి. అంతే.

చెంచాడంత ముక్కలు వేళ్లతో నలిపి, కొంచెం ఉడికిన నీళ్లు పోసి, వెడల్పాటి స్టీలు మూతలో పెట్టి గుంట అంచున ఉంచాను. దగ్గర కూర్చోలేదు. తలుపు వెనక నిలబడి చెవులు రిక్కించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మూత నేల మీద కొంచెం జరిగిన చప్పుడు. ఆ తర్వాత నాలుక చప్పుడు. ఆగింది. మళ్లీ కక్కుతుందేమో అనుకున్నాను. మళ్లీ నాలుక చప్పుడు.

సూది వేసేటప్పుడు పిల్లి కదిలి, మందు కొంత బొచ్చులోకే పోయింది. రెండోసారి వేసే ధైర్యం చేయలేదు, ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు మళ్లీ వేయొద్దని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆ పూట అట్లాగే గడిచింది. మరుసటి పూట సరిగ్గా పడింది. కొంచెం తినడం, సగంలో ఆగడం, ఒకరోజు కక్కడం, మళ్లీ ఫోన్, గోలీ మార్చడం. ఇట్లా నడుస్తూ నడుస్తూ మళ్లీ ఏకాదశి వచ్చింది.

నేను ఒక్కపొద్దు. ఇంటి వెనక మూడు రాళ్ల మీద కోడి ఉడుకుతోంది. బృందంలో ఎవరైనా ముక్కు మూసుకుని వెనక్కి పోతే పోనీ అనుకున్నాను. అది ఈ రోజు కూడా తల తిప్పేస్తే? నా భయమంతా దాని గురించే. పొద్దున రెండు ముక్కలే తిన్నది. డాక్టరమ్మను అడిగి, తగ్గించిన సూది వేశాను. సాయంత్రం పూట ఇంకా మిగిలి ఉంది.

అందరికంటే ముందు పెద్దమ్మ వచ్చింది. గడపలోనే ఆగి గాలి పీల్చింది. "నీసు వాసనొస్తాంది."

"పిల్లికి, పెద్దమ్మా."

ఆమె లోపలికి వచ్చి, దేవుడి పటం ముందున్న అగరుబత్తుల కట్ట తీసి కొంగులో కట్టుకుంది. "పూలు చాలు ఈ పూట. స్వామికి పొగ లేకుంటె ఏం గాదు," అంది. ఆ తర్వాత వచ్చినవాళ్లను గడప దగ్గరే ఆపి చెప్పింది. "దాన్ని మొక్కకుండ్రి, ముట్టకుండ్రి. దాని మానాన దాన్ని తిననియ్యిండ్రి." బిర్యాని భర్త ఉన్న ఆవిడ, "కోడి వాసనకు మా ఆయన గిట్ల ఇక్కడికే వస్తడేమో, తలుపు పెట్టుండ్రి," అంది. పెద్దమ్మ చిడత ఎత్తింది. నవ్వులు ఆగిపోయాయి.

తాళాలు లేకుండా మెల్లగా పాడుకున్నాం. మధ్యలో నేను లేచి, గోరువెచ్చని మూత తెచ్చి వెనక గదిలో మూలన పెట్టి వచ్చాను. పిల్లి గుంటలోంచి బయటికి వచ్చి, మా మధ్యలోంచి ఎవరినీ చూడకుండా నడుచుకుంటూ అటు పోయింది. పాట సాగుతోంది. నా చెవులు పాటలో లేవు.

కాసేపటికి అది తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. కళ్లు సగం మూసింది. పెదవులు నాక్కుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

పాడేవాళ్లందరూ ఆగిపోయారు. పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "గిదేంది బిడ్డా? మంచిదా, చెడ్డదా?"

పిల్లి పెదవుల వైపు చూడకుండా లేచి, వెనక గదిలోకి పళ్లెం చూడడానికి పోయాను.

మూత ఖాళీగా ఉంది. అడుగున తడి కూడా లేదు.

సాయంత్రం సూదికి వేళయింది; మందు తేవడానికి ఫ్రిజ్ దగ్గరికి పోతుంటే, ఆటోలో పలకని నామం నా నోటికి వచ్చింది. ఎర్ర దారం ఉన్న సీసా చేతిలోకి తీసుకున్నాను.